లూయీ బ్రెయిల్: ఆరు చుక్కల్లో తెలుగు, కన్నడ

లూయీ బ్రెయిల్ 1809లో పారిస్ దగ్గరి కూప్‌వ్రేలో, గుర్రపు జీనులు కుట్టే ఇంట పుట్టారు. మూడేళ్లప్పుడు తోలు కుట్టే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఐదేళ్లకల్లా రెండు కళ్లూ పోయాయి. పారిస్ అంధుల బడిలో చదువుతూ, బార్బియే పన్నెండు చుక్కల రాతను వేలికొన కింద ఇమిడేలా ఆరుకు కుదించారు. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లే! 1852లో క్షయతో పోయారు. సొంత బడి ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

1951 నాటి భారతి బ్రెయిల్‌తో అది మన భాషలన్నిటికీ కుదిరింది. తెలుగు 'క'కైనా, కన్నడ 'క'కైనా అవే రెండు చుక్కలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చదివే మన హూడి పిల్లల్లో చూపు లేనివారికి రెండో లిపి బెడద లేదు. చిక్కల్లా యంత్రంతోనే. ఇంగ్లీషులో ఆ చుక్కలే 'కె'. ఫోనుకు కలిపే బ్రెయిల్ పరికరంలో భాష సరిగా పెట్టకపోతే తెలుగు ఉత్తరం అర్థంకాని అక్షరాల కుప్పవుతుంది. కొనేముందే రెండు భాషలూ పెట్టించి, పిల్లల చేత చదివించి చూద్దాం.