దుకాణము మీద వ్రాసిన బంగారు సూత్రము

ధ్యాన భాగము: మత్తయి 7:12

ఇతరులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో అదే వారికి మనము చేయవలెనని చిన్ననాటనే నేర్చుకొంటిమి. సంతలో నిలిచి దానిని నెరవేర్చుట కష్టము. అట్లు ప్రయత్నించిన యొక వర్తకుని జీవితమును ఈ మాసము ధ్యానింతము.

జేమ్స్ క్యాష్ పెన్నీ 1875లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రములో, హామిల్టన్ వద్ద నొక సేద్యగాని ఇంట జన్మించెను. తండ్రి జీతము లేకయే బాప్టిస్టు సంఘములో బోధించెడివాడు. ఎనిమిదేండ్ల యీడున తన బట్టలు తానే కొనుక్కొనుమని తండ్రి చెప్పగా, బాలుడు పందిపిల్లలను మేపసాగెను. ఇరుగుపొరుగువారు దుర్వాసనను గూర్చి మొరపెట్టగా తండ్రి వాటిని అమ్మివేయించెను. పొరుగువానిని బాధపెట్టు లాభము మనకు తగదు గదా!

పెద్దవాడై కొలరాడోలో మాంసపు దుకాణము పెట్టెను. ఒక హోటలు వంటవాడు విస్కీ సీసా ఇచ్చిననే సరుకు కొందుననెను. పెన్నీ ఒకసారి ఇచ్చెను; మనస్సాక్షి గద్దింపగా మరల ఇయ్యలేదు. బేరము పోయెను, దుకాణము మూతపడెను.

పిమ్మట బట్టల వర్తకులిద్దరి యొద్ద పనికి కుదిరి, 1902 ఏప్రిల్ 14న వారితో మూడవ పాలివాడై, వయోమింగులోని కెమరర్ అను బొగ్గుగనుల ఊరిలో దుకాణము తెరచెను. దాని పేరు గోల్డెన్ రూల్, అనగా బంగారు సూత్రము. భార్యాబిడ్డలతో అటకమీదనే కాపురము. గనుల కంపెనీ దుకాణము అప్పిచ్చుచుండగా, ఈయన రొక్కమునకే, అందరికి ఒకే వెలకు అమ్మెను. మొదటి దినము 466 డాలర్ల 59 సెంట్లు వచ్చెను. నమ్మకమైన పనివారికి క్రొత్త దుకాణములలో వాటా నిచ్చెను. 1929 నాటికి దుకాణములు వెయ్యి దాటెను.

అయితే 1910లోను 1923లోను ఇద్దరు భార్యలను పోగొట్టుకొనెను. 1929 నాటి ఆర్థిక పతనములో స్వంత ఆస్తియు కరగిపోయెను. ఆరోగ్యము చెడి, మిచిగన్‌లోని యొక ఆరోగ్యశాలలో మరణమునకు ఎదురుచూచుచుండగా, ఒక ఉదయమున ప్రార్థనశాలనుండి దేవుని కాపుదలను గూర్చిన కీర్తన వినబడెను. ఆయన భయము తొలగెను. ఇచ్చుట యెరిగినవాడు ఆనాడు వట్టిచేతులతో పుచ్చుకొన నేర్చెను. మరల లేచి పనిచేసి, 1971లో 95 ఏండ్ల వయస్సున నిద్రించెను.

2020లో ఆయన సంస్థ దివాలా తీసి చేతులు మారెను. విశ్రాంత బోధకుల కొరకు తలిదండ్రుల జ్ఞాపకార్థము ఫ్లోరిడాలో ఆయన కట్టించిన ఇండ్లు నేటికిని వృద్ధులకు నీడ నిచ్చుచున్నవి.

మన కుంచము, మన త్రాసు, కూలివానికి మనమిచ్చు కూలి ఈ సూత్రమునకు సరిపోవుచున్నవా? పరీక్షించుకొందము.