జైలరుకు జీతం కావాలన్న జాన్ హోవార్డ్

జైళ్ళ సంస్కరణ అనగానే ఖైదీల తిండి, బట్ట, గాలి, వెలుతురు గురించి మాట్లాడతారు. తాళంచెవులు పట్టుకొని తిరిగే సిబ్బంది బ్రతుకుతెరువు గురించి ఆలోచించేవారు తక్కువ. జైళ్ళ శాఖలో పనిచేసి రిటైరైన వాడిగా, ఆ ఆలోచన చేసిన ఒక మహనీయుని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

జాన్ హోవార్డ్ 1726లో ఇంగ్లండులో జన్మించారు. 1756లో పోర్చుగల్ వెళుతుండగా ఓడ ఫ్రెంచివారికి చిక్కడంతో కొంతకాలం బందీగా ఉన్నారు. నిర్బంధమంటే ఏమిటో స్వయంగా అనుభవించారు. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్ అయ్యారు. జైలు పర్యవేక్షణను కిందివారికి వదిలివేయకుండా ఆయనే వెళ్ళి చూశారు.

అక్కడ ఒక ఘోరం కంటబడింది. కోర్టు నిర్దోషులని వదిలిన వారిని కూడా మళ్ళీ జైల్లోనే ఉంచుతున్నారు. కారణం, వారు జైలరుకు చెల్లించవలసిన ఫీజు బాకీ. జైలరుకు జీతం లేదు. ఖైదీల నుండి వసూలు చేసుకున్నదే అతని రాబడి. సారా అమ్మకం కూడా చాలాచోట్ల జైలరు చేతిలోనే ఉండేది. ఖైదీలు ఎంత తాగితే అతనికి అంత లాభం!

జైలరుకు జీతం ఇప్పించమని హోవార్డ్ మేజిస్ట్రేట్లను కోరారు. ఇంకెక్కడైనా అలా ఇస్తున్నట్లు దాఖలా చూపమన్నారు వారు. దాఖలా కోసం ఆయన పొరుగు జిల్లాలకు బయలుదేరారు. అది దొరకలేదు సరికదా, ఎక్కడ చూసినా అదే అన్యాయం. జైళ్ళ దుర్గంధం బట్టలకు పట్టి మూసిన బండిలో కూర్చోలేక గుర్రం మీదనే ప్రయాణం చేసేవారు.

1774లో పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చారు. ఆ ఏడాదే రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి నిర్దోషుల నుండి ఫీజు వసూలును ఆపింది. రెండవది జైళ్ళ శుభ్రతకు, ఖైదీల ఆరోగ్యానికి సంబంధించినది. వాటిని సొంత ఖర్చుతో అచ్చువేయించి జైళ్ళకు పంపించారు.

1777లో వెలువడిన ఆయన గ్రంథంలో సిబ్బంది గురించి చెప్పినది మనవంటివారు చదవదగినది. జైలుకు ముందుగా కావలసింది నిజాయితీ, చురుకుదనం, దయ గల జైలరు. బాధ్యతకు, శ్రమకు తగిన జీతం అతనికి ఇవ్వాలి. సారా వ్యాపారం ఉండరాదు. పైనుండి తనిఖీ ఉండాలి. బాగా పనిచేసినవారిని ఆయన పేరుపెట్టి మెచ్చుకున్నారు. బ్రిస్టల్ న్యూగేట్ జైలు ఒకప్పటి అధికారి ఏబెల్ డాగ్ వారిలో ఒకరు.

1784లో జైలర్లు సారా అమ్మడాన్ని చట్టం నిషేధించింది. 1790లో, నేటి ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో హోవార్డ్ జ్వరంతో కన్నుమూశారు. జైలు ఫీజులను రద్దుచేసే చట్టం వచ్చింది 1815లో. అది చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది.

దయగా ఉండమని వార్డరుకు సర్క్యులర్ పంపడం సులువు. అతను దయగా ఉండగలిగేలా జీతం, తనిఖీ, మెప్పు మూడూ సమకూర్చడం కష్టం. ఆ కష్టాన్ని రెండు శతాబ్దాల క్రితమే నెత్తికెత్తుకున్న ఆ మహానుభావునికి జైలు ఉద్యోగులమంతా ఋణపడి ఉన్నామని నా నమ్మకం.