గోదావరి తీరాన చిత్రకారుడు – దామెర్ల రామారావు

మనలో చాలామందిమి సాయంత్రాలు, ఆదివారాలు డ్రాయింగ్ క్లాసుకు వెళ్తుంటాం. అమ్మకో నాన్నకో బదిలీ కాగానే ఆ క్లాసు ఆగిపోతుంది. అలాంటప్పుడు మనం దామెర్ల రామారావు గారిని తలచుకోవాలి.

ఆయన 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడు, మంచి చిత్రకారుడు. బొమ్మలు నేర్పడం ఆయన ఉద్యోగం కాదు. అయినా తీరిక వేళల్లో రామారావునూ, అడివి బాపిరాజునూ చేరదీసి నేర్పారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు.

కొన్నాళ్లకు గురువు ఇంగ్లండు వెళ్లిపోయారు. శిష్యుడు మాత్రం కుంచె వదల్లేదు. చదువు ముగించుకొని సొంత ఊరికి వచ్చి, చిత్రకళాశాల పెట్టి, తనకు వచ్చినది పదిమందికీ నేర్పారు. ఆయన భార్య సత్యవాణి కూడా చిత్రకారిణే.

1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే రామారావు కన్నుమూశారు. ఆయన చిత్రాలను రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో నేటికీ చూడవచ్చు.

గురువు దూరమైనా నేర్చుకున్న విద్య మన చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఈసారి బదిలీ అయితే రంగుల పెట్టెను సామాన్ల అడుగున పడేయకుండా మన బ్యాగులోనే పెట్టుకుందాం.