మెదడు చిత్రకారుడు కహాల్

స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున, పిరనీస్ పర్వతపంక్తికి దక్షిణముగా, అయేర్బే అను చిన్న ఊరు కలదు. అచ్చట పదునొకండేండ్ల బాలుడొకడు దూలపుముక్కను తొలిచి ఫిరంగిగా చేసి, మందు దట్టించి, పొరుగువాని తోటతలుపు మీదికి పేల్చెను. తలుపు తునాతునకలయ్యెను. బాలుని ఊరి చెరసాలలో నుంచిరి. తండ్రి విడిపింపబోలేదు సరికదా, తగిన శాస్తి జరిగినదని తలచెను. ఆ బాలుడే ముందుకాలమున నాడీశాస్త్రమునకు పునాదివేసిన సంతియాగో రమోన్ ఇ కహాల్.

అతడు 1852 మే 1వ తేదీన పెతీయా గ్రామమున జన్మించెను. తండ్రి హుస్తో రమోన్ పేదరికమునుండి స్వయంకృషిచే వైద్యుడైనవాడు. కొడుకు సయితము వైద్యుడు కావలెనని ఆయన పట్టు. కొడుకునకో, చిత్రలేఖనమే ప్రాణము. తెల్లనిగోడ కనబడిన చాలును, బొమ్మ గీయవలసినదే. హాకా పట్టణపు మఠపాఠశాలలో ఎన్ని దెబ్బలు తినినను లొంగలేదు. తండ్రి విసిగి అతనిని మంగలియొద్దను, చెప్పులు కుట్టువానియొద్దను పనికి కుదిర్చెను. తుదకు 1868 వేసవిలో కొడుకును వెంటబెట్టుకొని శ్మశానములకు పోయి, బయటపడియున్న ఎముకలను ఏరి తెచ్చి, వానిని బొమ్మలుగా గీయించెను. ఈ ఉపాయము పారెను. బొమ్మల పిచ్చి మాన్పుటకు పన్నిన పన్నాగము ఆ పిచ్చినే శాస్త్రసాధనముగా మార్చెననవచ్చును.

1873లో సరగోసాలో వైద్యపట్టము పొంది, సైన్యవైద్యుడుగా క్యూబాకు పోయి, మలేరియాచే శల్యావశిష్టుడై 1875లో తిరిగివచ్చెను. సైన్యపు జీతములో మిగిలిన సొమ్ముతో సూక్ష్మదర్శినిని కొనెను. 1887లో మాడ్రిడ్‌లో సిమార్రో అను వైద్యుని యింట ఆయన కంటబడిన కొన్ని గాజుపలకలు ఆయన జీవితమునే మలుపు త్రిప్పెను. అవి ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జి కనుగొనిన వెండిలవణపు పద్ధతిచే రంగు పట్టించిన మెదడు ముక్కలు. ఈ పద్ధతిలో వేలకొలది కణములలో ఏ కొన్నియో మాత్రము, శాఖోపశాఖలతో సహా, నల్లగా తేలును. తక్కినవి కనబడవు.

పెరిగిన మెదడునందు నాడీతంతువులపై క్రొవ్వుతొడుగు ఏర్పడియుండుటచే రంగు సరిగా పట్టదు. కహాల్ దీనికొక చక్కని ఉపాయము కనిపెట్టెను. పిండములను, అప్పుడే పుట్టిన జంతువులను తీసికొనెను. తొడుగు ఏర్పడకపూర్వమే కణమును పట్టుకొనెను. 1888లో బార్సెలోనాలో సొంతఖర్చుతో పత్రికనారంభించి, అరువది ప్రతులు అచ్చువేయించి పరదేశ పండితులకు పంపెను. పక్షుల చిన్నమెదడులో పెద్దకణముల చుట్టును బుట్టవలె అల్లుకొనిన తంతువుల కొసలను అందు చూపెను. ఆ తంతువులు పెద్దకణమును తాకుచున్నవే కాని దానిలో కలిసిపోవుట లేదు. నాడీకణములన్నియు ఒకే వలగా కలిసియున్నవను నాటి సిద్ధాంతమునకు ఇది గొడ్డలిపెట్టు. 1889లో బెర్లిన్ సభకు తానే పోయి, తన సూక్ష్మదర్శినిలోనికి చూచిన వృద్ధపండితుడు కోలికెర్‌ను మెప్పించెను.

పిమ్మట మాడ్రిడ్‌లో ఆచార్యుడై, 1899 ప్రాంతమున మనుష్యుని మెదడు పైపొరను చేపట్టెను. అనాథ శిశుశరణాలయమునుండియు, ప్రసూతి ఆసుపత్రినుండియు మృతశిశువుల మెదడు చల్లబడకమునుపే తెచ్చుకొనవలసియుండెను. ఏ తల్లియో కోల్పోయిన బిడ్డలనుండి వచ్చిన జ్ఞానమిది. ఈ మాట నాటి శాస్త్రగ్రంథములు సాధారణముగా చెప్పవు. ఆ శిశువుల మెదళ్ళలో ఆయన పొట్టితంతువులుగల చిన్నకణములను ఎన్నియో తీరులలో చూచి చిత్రించెను. మనుష్యునియందు ఇవి ఇంత వైవిధ్యముతో నుండుటయే మానవబుద్ధి విశేషమునకు ఆధారమని భావించెను. కాని వాని పని యేమి? అవి నాడీశక్తిని కూడబెట్టు పాత్రలవంటివని ఆయన ఊహ. ఈ ఊహ తప్పు.

1950లో గాబా అను రసాయనము మెదడులో నున్నదని తెలిసెను. 1960 దశకపు తొలి యేండ్లలో జాన్ ఎకల్స్ బృందము, కహాల్ చిత్రించిన బుట్టకణములు పెద్దకణములను ప్రేరేపించునవి కావు, అణచునవి యని నిరూపించెను. మెదడు పైపొరలోని పొట్టితంతు కణములలోను పెక్కు అట్టివే. బండికి ఎడ్లెంతయో పగ్గములంత.

ఈ పగ్గములు పుట్టుకతో సిద్ధముగా నుండవు. మానవశిశువున ఈ జాతి కణములు పుట్టిన పిదపకూడ కొన్ని నెలలవరకు నుదుటివైపు మెదడులోనికి నడచివచ్చుచుండునని 2016లో తేలెను. కోతులయందు ఈ కథ యింకను విచిత్రము. దీపపు గుత్తులవంటి కొసలుగల ఒక జాతి కణములు, పెద్దకణము సందేశము పుట్టు చోటనే పట్టుకొనును. రీసస్ కోతిపిల్లలయందు ఈ గుత్తులు తొలినెలలలో దట్టముగా కనబడి, యౌవనారంభమున పలుచబడును. గాబాను అందుకొను గ్రాహకములును మారి, త్వరితముగా పనిచేయునవి హెచ్చును. ప్రేరక సంధులుకూడ అదే వయసున పెక్కు రాలిపోవును. అనగా వయసు వచ్చుటయన పగ్గములు పెరుగుట మాత్రము కాదు, అవి తిరిగి పేనబడుట. స్కిజోఫ్రేనియా వంటి మనోవ్యాధులు తరచుగా ఈ వయసు దాటుచుండగనే తలయెత్తుటకు కారణమిచ్చటనే యుండవచ్చునని పరిశోధకుల అనుమానము.

1906లో నోబెల్ బహుమానము కహాల్‌కును గోల్జికిని కలిపి యిచ్చిరి. గోల్జి ఆ వేదికపైననే కహాల్ సిద్ధాంతమును ఖండించెను. తన పద్ధతియే తన సిద్ధాంతమును కూల్చుటను ఆయన సహింపలేకపోయెను. కహాల్ వాదము మానలేదు. ఎనుబదియవ పడి దాటినపిదప, 1933లో, అదే వివాదముపై మరల ఒక దీర్ఘవ్యాసము ప్రకటించి, 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూసెను. కణమునకు కణమునకు నడుమ సన్నని ఎడమున్నట్లు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని 1950 దశకమున చూపెను.