దేవులపల్లి కృష్ణశాస్త్రి

భావకవులలో అగ్రగణ్యులైన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు 1897 నవంబరు 1న పిఠాపురం సమీపంలోని ఒక గ్రామంలో పండితుల ఇంట జన్మించారు. నవంబరు మన ఆల్బనీలో వసంతకాలం; పూలను, వెన్నెలను, స్వేచ్ఛను ప్రేమించిన కవికి ఆ మాసం తగినదే. కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1925లో వెలువడిన ‘కృష్ణపక్షం’ ఆయనకు గొప్ప కీర్తిని తెచ్చింది. 1951లో ‘మల్లీశ్వరి’ చిత్రానికి పాటలు రచించారు.

ఆయన మంచి వక్త. కవిత్వం చదువుతుంటే సభ నిశ్శబ్దమయ్యేది. అటువంటి వారికి 1963లో గొంతు క్యాన్సరు సోకి మాట పోయింది. కవికి అంతకన్న కష్టమేముంటుంది? అయినా కలం ఆగలేదు. చెప్పదలచినదంతా కాగితంపై వ్రాసి చూపేవారు. పాటలు కూడా అలాగే వ్రాశారు. 1976లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1980 ఫిబ్రవరి 24న మరణించారు. రెండేళ్ళ తరువాత విడుదలైన ‘మేఘసందేశం’ చిత్రంలో ఆయన పాటలు వినిపించాయి.