మన్నును చదివిన మహనీయుడు: వసీలీ దొకుచాయెవ్

మన బళ్ళారి ప్రాంతమున ఒక రైతునకు చేను చూపి, ఇది ఏమి నేల యని అడిగినచో, అతడు క్షణమైనను తడవుకొనక రేగడి యనియో, ఎర్రనేల యనియో, గరుసు యనియో, చౌడు యనియో చెప్పును. పొరుగుచేని కన్నడ రైతు ఆ రేగడినే ఎరె యనును. ఈ పేర్లు ఏ గ్రంథమునుండియు వచ్చినవి కావు. నాగలి పట్టిన చేతులు తరతరములుగా కూర్చుకొన్న జ్ఞానమే ఆ పేర్లయందు ఇమిడి యున్నది. ఇట్టి పల్లెమాటలను గౌరవముతో గైకొని, వాని పునాదిపై మృత్తికాశాస్త్రమను నూతన శాస్త్రమును నిర్మించిన మహనీయుడు వసీలీ వసీల్యెవిచ్ దొకుచాయెవ్. ఆయన రష్యాదేశీయుడు. మైదానముల నల్లనేలతో ఆరంభించి, తుదకు కొండలమీది రాతినేలల, అడవినేలల క్రమమును గూడ కనుగొన్న ఆయన జీవితము మనము తెలిసికొనదగినది.

దొకుచాయెవ్ 1846వ సంవత్సరము మార్చి 1వ తేదీన స్మొలెన్‌స్క్ మండలములోని మిల్యుకొవొ అను పల్లెయందు జన్మించెను. తండ్రి ఆ పల్లెలో క్రైస్తవ మతాచార్యుడు. నాటి ఆచారము ననుసరించి కుమారుడును మతవిద్యకే పంపబడెను. వ్యాజ్మాలోను, పిమ్మట స్మొలెన్‌స్క్‌లోను చదివి, 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమందలి ఉన్నత మతవిద్యాలయమున చేరెను. కాని కొద్ది వారములకే దానిని విడిచి, విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదువ నారంభించెను. 1871లో చదువు ముగించి, తన పల్లె చెంతనే పారు కచ్నా అను చిన్న నది ఒడ్డున పేరుకొన్న ఒండ్రును గూర్చి మొదటి పరిశోధనము చేసెను. పుట్టిన ఊరి మట్టియే ఆయనకు మొదటి పాఠ్యపుస్తక మయ్యెను.

ఆ కాలమున నేలను గూర్చిన భావములు వేరుగా నుండెను. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని శిథిలమైన రాయిగా మాత్రమే తలంచిరి. రసాయనశాస్త్రజ్ఞులు దానిని పైరునకు ఆహారము నిలువయుండు గాదెగా తలంచిరి. రష్యాదేశపు దక్షిణ మైదానములలో చెర్నోజెం అనబడు నల్లనేల విస్తారముగా కలదు. ఆ మాటకు రష్యను భాషలో నల్లమన్ను అనియే అర్థము. అంత సారవంతమైన నేలయందును 1873లోను 1875లోను అనావృష్టివలన పైరులు ఎండిపోయెను. కారణ మేమని దేశమంతయు ప్రశ్నించెను. 1877లో స్వేచ్ఛా ఆర్థికసంఘమువారు ఆ నల్లనేలను పరిశోధించు భారమును దొకుచాయెవ్‌కు అప్పగించిరి.

ఆయన 1877, 1878 సంవత్సరములలో సుమారు 10,000 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. పోయిన ప్రతిచోట గోతులు త్రవ్వించి, పైనుండి అడుగువరకు మన్ను ఎట్లు మారుచున్నదో వ్రాసికొనెను. ఈ శ్రమకు ఫలముగా 1883లో రష్యను చెర్నోజెం అను గ్రంథము వెలువడెను. అందు ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతము సరళమైనది. నేల ఒక ప్రత్యేకమైన ప్రకృతివస్తువు. దానికి పుట్టుక కలదు, ఎదుగుదల కలదు. అది ఐదు కారణముల కలయికవలన జనించును. అడుగుననున్న మాతృశిల, శీతోష్ణస్థితి, మొక్కలు మరియు జంతువులు, నేల ఎత్తుపల్లములు, గడచిన కాలము అనునవియే ఆ ఐదు. వీనిలో ఏ ఒక్కటి మారినను నేల మారును. గోతి గోడను జూచినచో ఈ చరిత్ర మనకు పొరలుగా కనబడును. పైపొర ఆకులు, వేళ్ళు కుళ్ళుటవలన నల్లబడి యుండును. నడిమిపొరలో పైనుండి వాననీటితో దిగిన పదార్థములు చేరియుండును. అడుగుపొర మాతృశిలకు సమీపముగా నుండును. ఈ పొరలనే నేటికిని శాస్త్రజ్ఞులు ఎ, బి, సి అని పిలుచుచున్నారు.

1882 మొదలు 1886 వరకు నీజ్నీ నొవ్‌గొరొద్ మండలమున భూములకు న్యాయముగా పన్ను నిర్ణయించుటకై ఆయన శిష్యులతో గూడి నేలలను పరీక్షించెను. ఆ వివరములు 14 సంపుటములుగా ప్రకటింపబడెను. ఈ పనిలోనే నేలలను వాని పుట్టుకనుబట్టి వర్గీకరించు పద్ధతి రూపొందెను. వర్గములకు పేర్లు పెట్టవలసివచ్చినపుడు ఆయన లాటిను గ్రంథములను వెదకలేదు, రైతులను అడిగెను. ఉత్తరపు సూదియాకు చెట్ల అడవులను నరికి దున్నినపుడు నాగటిచాలులో బూడిదరంగు మన్ను పైకి వచ్చుచుండెడిది. రైతులు దానిని పోడ్జోల్ అనిరి. బూడిద అను అర్థముగల మాట అందు కలదు. ఆయన ఆ పేరునే స్వీకరించెను. ఆ అడవులలో ఆకు మెల్లగా కుళ్ళి ఆమ్లము పుట్టించును. వాననీరు ఆ ఆమ్లముతో గూడి ఇనుమును అల్యూమినియమును క్రిందికి దించును. పైన తెల్లని బూడిదవంటి ఇసుక మిగులును. దాని దిగువను తుప్పురంగు పొర ఏర్పడును. ఇక ఉత్తరపు అడవులకును దక్షిణపు గడ్డిమైదానములకును నడుమ, వెడల్పాకుల ఓకు అడవులక్రింద బూడిదవన్నె అటవీమృత్తికలు కలవు. ఇవి చెడిపోయిన నల్లనేలలే యని కొందరు వాదించిరి. అవి ఆ అడవితోపాటు పుట్టిన ప్రత్యేకమైన జాతి యని దొకుచాయెవ్ చెప్పెను.

1891లో రష్యాయందు ఘోరమైన కరవు వచ్చెను. మరుసటి సంవత్సరమే ఆయన మన గడ్డిమైదానములు నాడు-నేడు అను పుస్తకము వ్రాసి, దానిపై వచ్చు ధనమును కరవు బాధితుల సహాయమునకై వినియోగించెను. కరవునకు వాన తక్కువగుట ఒక్కటే కారణము కాదనియు, అడవులు నరుకుట, పచ్చికబయళ్ళను అడ్డులేక దున్నుట, వాగులు కోసికొనిపోవుట కూడ కారణములే యనియు ఆయన వివరించెను. అడవుల శాఖవారు ఏర్పరచిన పరిశోధకబృందమునకు నాయకుడై, మూడు చోట్ల చెట్లవరుసలు నాటించుట, చెరువులు నిర్మించుట మొదలగు పనులను ఆరంభించెను. వానిలో ఒకటియైన వొరొనెజ్ ప్రాంతపు కామెన్నయ గడ్డిమైదానమున ఆనాటి చెట్లవరుసలు నేటికిని నిలిచియున్నవి. ఆ దినములలోనే, అనగా 1892 మొదలు 1895 వరకు, ప్రస్తుతము పోలెండు దేశమున పువావీ అనబడు పట్టణమునందలి వ్యవసాయ, అటవీ విద్యాలయమునకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. 1894లో అచ్చట మృత్తికాశాస్త్రమునకు ప్రత్యేక ఆచార్యపీఠము నెలకొల్పి, ప్రియశిష్యుడైన సిబిర్త్సెవ్‌ను అందు నియమింపజేసెను.

ఇంతలో దుఃఖము ఆయనను చుట్టుముట్టెను. అధికశ్రమవలన ఆరోగ్యము చెడెను. 1897లో భార్య అన్నా యెగోరొవ్నా పుట్టకురుపువ్యాధితో మరణించెను. ఆయన మనస్సు కలత చెంది కొంతకాలము ఏ పనియు చేయజాలకపోయెను. ఇట్టి స్థితిలో మరియొకడైనచో పుస్తకములు మూసియుండును. దొకుచాయెవ్ కొంచెము కోలుకొనగనే 1898లో కాకసస్ పర్వతములకు బయలుదేరెను. 1900 వరకు మరల మరల ఆ కొండలకు పోవుచు వచ్చెను. మాకు ఆయన జీవితమందు మిక్కిలి గొప్పదిగా తోచునది ఈ ఘట్టమే.

రష్యా మైదానమున ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుకొలది శీతోష్ణస్థితితోపాటు నేలలు పట్టీలుగా మారునని ఆయన అదివరకే గ్రహించెను. కొండ ఎక్కినను చలి పెరుగును గదా, ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6 డిగ్రీలు వేడిమి తగ్గును గదా, అట్లయినచో కొండవాలుమీద కూడ నేలలు అదే క్రమమున ఒకదానిపై నొకటిగా నుండవలెను అని ఊహించెను. కాకసస్‌లో ఆ ఊహ నిజమగుట కన్నులార చూచెను.

మనమును ఆయన వెంట నడుచుచున్నట్లు భావింతము. తూర్పుభాగమున కురా నదీలోయలో వర్షము తక్కువ. నేల లేతరంగున నుండును. కొంత ఎక్కగానే గడ్డి దట్టమై నేల నల్లబడును. ఇంకను పైన ఓకు, బీచ్ చెట్ల అడవి కనబడును. ఆ అడవిలో కాలు పెట్టినచో మెత్తని ఆకుపొర తగులును. దాని దిగువను నల్లని పలుచని పొర, ఆ దిగువను వాననీటికి సారము కడుగబడిన మన్ను, దానితో కలిసి పదునైన రాతిముక్కలు ఉండును. మైదానమందలి నేలవలె ఇది లోతుగా నుండదు. వాలు నిటారుగా నున్నచోట చేతిలోతున త్రవ్వగనే రాయి తగులును. కొండపాదమున, పైనుండి జారిన మన్ను చేరుటచే లోతు పెరుగును. ఎండ తగులు దక్షిణపువాలు పొడిగాను, ఉత్తరపువాలు తేమగాను ఉండుటచే, ఒకే ఎత్తున రెండు విధములైన నేలలుండును. అడవి దాటినపిదప చెట్లు లేని పచ్చికబయళ్ళు, వాని పైన వట్టి రాళ్ళు, తుదకు మంచు. పలుచని రాతినేలలను సిబిర్త్సెవ్ తన వర్గీకరణమున ప్రత్యేక విభాగమున చేర్చెను. ఏలయనగా అవి ఇంకను ఎదుగని నేలలు. ఏ మండలమునందైనను ఉండగలవు.

తరువాతివారు ఈ సిద్ధాంతమును కొంత సవరించిరి. కొండనేలల క్రమము మైదానపు క్రమమునకు అచ్చమైన నకలు కాదనియు, వానలు, గాలులు, రాతిజాతి దానిని మార్చుననియు తేలెను. 1905లో జర్మనీ దేశీయుడగు రామన్ గోధుమవన్నె అటవీమృత్తికను వేరు జాతిగా వర్ణించెను; కాకసస్ కొండల అడవిక్రింద విస్తారముగా నున్నది ఈ జాతియే యని పిదప తెలిసెను. అయినను కొండనేలను ఎత్తుతోను, అడవితోను, వాలుతోను కలిపి చూడవలెనను మార్గము దొకుచాయెవ్ చూపినదే.

1900లో సిబిర్త్సెవ్ క్షయవ్యాధితో 40 ఏండ్లకే మరణించెను. ఆ దెబ్బనుండి గురువు తేరుకొనలేదు. వ్యాధి ముదిరి 1903వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, 57వ యేట, దొకుచాయెవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూసెను. కాని ఆయన విత్తినది మొలకెత్తెను. శిష్యుడగు వెర్నాద్‌స్కీ జీవమునకును భూరసాయనమునకును గల సంబంధమును వివరించెను. మొరొజొవ్ అటవీశాస్త్రమును నేలతో ముడివైచెను. గ్లింకా 1914లో జర్మను భాషలో వ్రాసిన గ్రంథమును అమెరికా దేశీయుడగు మార్బట్ 1927లో ఆంగ్లమున ప్రకటించెను. అంతటితో ఈ శాస్త్రము లోకమంతట వ్యాపించెను. 1998లో అంతర్జాతీయముగా అంగీకరింపబడిన నేలల వర్గీకరణమున రాతిపై పలుచగా నుండు నేలలకు లెప్టోసోల్ అను కొత్త పేరు కలదు. కాని చెర్నోజెం, పోడ్జోల్ అను రైతుల మాటలు అట్లే నిలిచియున్నవి.

బాలబాలికలారా! ఈ కథ మనకు దూరదేశపుది. అయినను ఒక సంగతి మరువకుడు. ఆంగ్ల భూగోళగ్రంథములలో మన దక్కను నల్లనేలకు రేగర్ అను పేరు కనబడును. అది మన రేగడియే. మన తాతలు చేనిగట్టున పలికిన తెలుగుమాట శాస్త్రగ్రంథములకెక్కినది. ఇతర భాషలవారి నడుమ నివసించు మనము మన ఇంటిమాటలను చిన్నచూపు చూడరాదు. ఈ సెలవులలో మీ తాతలను, అమ్మమ్మలను, పొరుగు కన్నడ రైతులను అడిగి, మీ ఊరి నేలల పేర్లన్నియు వ్రాసికొనిరండు. ప్రతి పేరునకు ప్రక్కన ఆ మన్ను రంగును, లోతును, అందు పండు పైరును గుర్తింపుడు. తల్లిదండ్రులును దయతో ఇందుకు తోడ్పడవలెనని కోరుచున్నాము. చెప్పగల పెద్దలు మన నడుమ నున్నప్పుడే ఈ పని జరుగవలెను.