బుక్కరాయసముద్రపు ముసలమ్మ

రాయలసీమలో సముద్రము లేదు. కాని సముద్రమను పేరు గల ఊళ్లు పెక్కు కలవు. వాన అరుదైన ఆ నేలపై కట్ట వేసి నిలిపిన నీటినే అచ్చటి ప్రజలు సముద్రమనియు, సాగరమనియు పిలుచుకొనిరి. అట్టి ఊళ్లలో అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము ఒకటి. ఆ యూరి చెరువుకట్టపై ఒక రైతుకోడలికి గుడి కలదు. ఆమె పేరు ముసలమ్మ. ఆమె రాజ్యమేలినది కాదు. యుద్ధము చేసినది కాదు. మడిచెక్కను నమ్ముకొని బ్రతికిన యొక యింటి చిన్నకోడలు. అయినను ఆమె పేరు ఆ చెరువును విడువక నేటికిని నిలిచియున్నది.

విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కాలమున, 1364 ప్రాంతమున, ఆయన మంత్రి చిక్క ఒడయరు పండమేరునకు అడ్డముగా ఈ చెరువు కట్టించెనని చెప్పుదురు. కట్టకు రెండు కొనలయందును రెండు గ్రామములు వెలసినవి. ఒకదానికి రాజు పేర బుక్కరాయసముద్రమనియు, రెండవదానికి రాణి పేర అనంతసాగరమనియు పేర్లు పెట్టిరి. ఆ రెండవదియే కాలక్రమమున అనంతపురమైనది. నేడు జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరు ఒకనాడు ఈ చెరువుకట్ట కొననున్న పల్లెయే.

చెరువు కట్టుట ఆనాడు ఎంతటి కార్యమో తెలిసికొనుటకు కడప సీమలోని పోరుమామిళ్ల శాసనమును చూడవలెను. అది 1369 నాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అచ్చట అనంతరాజసాగరమను చెరువు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవని శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెననియు, ఆరు దోషములు ఉండరాదనియు అందు వ్రాయబడియున్నది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి యేరు, కొండల నడుమ దృఢమైన కట్ట, పని తెలిసిన కూలీలు ఆ యంగములలోనివి. దోషములలో ఒకటి కట్టలోనుండి నీరు ఊరుట.

ఆ యొక్క దోషము చాలును. ఎలుక బొరియయో, పీతబొక్కయో, చచ్చిన చెట్టు వేరు విడిచిన సందో దొరికిన నీరు అందు చొచ్చును. మొదట చెమ్మగా కనిపించి, పిమ్మట సన్నని ధారయై, మట్టిని లోలోపల కోసికొనుచు పోయి గండియగును. మరువ సరిగా పారనప్పుడు నీరు కట్టమీదనుండి పొర్లినను అంతే. అందుచేతనే సీమలో దశబంధమను మాన్యములు ఏర్పడినవి. చెరువును బాగుచేసి కాపాడువానికి ఆ చెరువు క్రింది భూమిలోనో, పన్నులోనో భాగమునిచ్చెడివారు. నీరుగంటి తూము తెరచి మూసి మడిమడికి నీరు పంచెడివాడు. రాజు కట్టించి వెడలిపోవును; కట్టను కాచుకొనవలసినది ఊరే.

అట్టి ఊరిలో బసిరెడ్డి యను రైతు ఉండెను. ఆయన కోడండ్రలో అందరికంటె చిన్నది ముసలమ్మ. పల్లెలలో అమ్మమ్మల పేర్లు, అమ్మవారి పేర్లు పసిబిడ్డలకు పెట్టుట వాడుక; అట్లు చిన్నవయసుననే ఆమెకు ఆ పేరు అమరినది. ముసలితనము మాత్రము ఆమె యెరుగదు.

సీమలో రైతు ఇంటి కోడలికి వేకువతోనే పని మొదలగును. పసులకు మేత, దొడ్డిలో పేడ, కుండలలో నీరు, రోటిలో దంపుడు, పొలమునకు సద్ది. మెట్టచేలలో కొర్రయు, జొన్నయు. చెరువు క్రింద వరి. మడక దున్నుట మగవాని పనియైనను, నాటుట, కలుపు తీయుట, కోతలనాడు వంగి కొడవలి పట్టుట ఆడువారి పని. మరుసటి యేటికి విత్తనము ఎన్ని దాచుటయు వారిదే. మెట్టపైరు వాన దయమీద ఆధారపడును. చెరువు క్రింది మడియొక్కటే కరవునాడు ఇంటిల్లిపాదికిని ఆశ. చెరువు నిండినదా లేదా యను మాట అచ్చట వానమాట కాదు, అన్నము మాట.

ఒక యేడు ఎన్నడు లేని వాన కురిసెను. నిండదని దిగులుపడు చెరువే ఆ యేడు నిలువదని భయపెట్టెను. పగలు రాత్రి యనక ఊరివారు కట్టమీద నిలిచి మట్టియు, రాయియు, కంపయు వేసిరి. వేసినది వేసినట్లే నీరు కొనిపోయెను. కట్ట తెగినయెడల పంటపొలములే కాదు, ఇండ్లు, పసులు, పసిపిల్లలు, దిగువనున్న పల్లెలు అన్నియు నీటిపాలగును. ఆ సమయమున దేవత పలుకు వినబడెనట. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి యిచ్చినగాని కట్ట నిలువదని ఆ పలుకు.

ఊరివారి దుఃఖమెట్టిదో, మామగారి మనసెట్టిదో ఊహింపవచ్చును. ముసలమ్మను కట్టివేసి తెచ్చినట్లు కథ చెప్పదు. ఆమె తానే ఒప్పుకొనెను. పెద్దలకు మ్రొక్కి, అయినవారి యొద్ద సెలవు తీసికొని చెరువుకట్టకు నడచెను. ఆమెకు ఒకప్రక్క పొంగుచున్న నీరు. మరొకప్రక్క పల్లమున తాను నాట్లు వేసి, కలుపు తీసిన మడులు. ఆవల ఇండ్ల కప్పులు. ఎవరు వారించినను వెనుదిరుగక గండిలోనికి దిగెను. నీరు ఆమెను కప్పెను, గండి పూడెను, ఊరు నిలిచెను. ఆ తావునకు ముసలమ్మ కట్ట యని పేరు వచ్చెను. నిన్నటివరకు కోడలైన ఆమెను ఊరివారు దేవతగా కొలువజొచ్చిరి.

ఈ కథ ఒక్క మన సీమదే కాదు. కన్నడ దేశమున కెరెగె హార అను జానపద గీతము కలదు. మల్లనగౌడుడు త్రవ్వించిన చెరువులో నీరు పడకపోగా, అతని చిన్నకోడలు భాగీరథి బలియగును. దండునుండి తిరిగివచ్చిన ఆమె భర్త ఆ చెరువులోనే దూకి ప్రాణములు విడుచును. అల్బేనియాలో ష్కోడ్రా కోటను గూర్చి ఇట్టి గాథయే కలదు. ముగ్గురన్నదమ్ములు పగలు కట్టిన గోడ రాత్రి కూలుచుండగా, మరునాడు అన్నము తెచ్చు భార్యను గోడలో పెట్టవలెనని తెలియును. పెద్దవారిరువురు మాట తప్పి రహస్యముగా తమ భార్యలను హెచ్చరింతురు. మాట తప్పని చిన్నవాని భార్య రోజాఫా బలియగును. గ్రీసులో ఆర్టా వంతెనకును, రొమేనియాలో ఆర్జెష్ మఠమునకును మేస్త్రీ భార్యయే బలి.

ఈ గాథలన్నింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు ఒక ప్రశ్న తప్పదు. అడుగబడునది ఎప్పుడును ఆ యింట పుట్టనిదియు, అందరికంటె తక్కువ మాట చెల్లునదియు ఏల? భూమి పట్టా ఆమె పేర లేదు. కట్ట కట్టించిన కీర్తి ఆమెది కాదు. కట్టలోని లోపము ఆమె చేసినది కాదు. అయినను మూల్యము ఆమె చెల్లించినది. ముసలమ్మ త్యాగమును కొనియాడునప్పుడు ఈ మాట మరచుట ఆమెకు రెండవసారి అన్యాయము చేయుటయగును. ఆమె ధైర్యము గొప్పది. ఆమెను అడిగిన ఆచారము గొప్పది కాదు.

చిరకాలము ఈ కథ పల్లె నోళ్లలో ఉండెను. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థియైన కట్టమంచి రామలింగారెడ్డి దీనిని ఖండకావ్యముగా వ్రాసెను. ముసలమ్మ మరణము అను ఆ కావ్యము 1900లో అచ్చయ్యెను. కవి అప్పటికి ఇరువదేండ్లవాడు కాడు. 1880లో చిత్తూరు చెంత కట్టమంచిలో పుట్టిన ఆయనయు సీమవాడే. చెరువనగా నేమో యెరిగినవాడు. రాజులు, రాచకన్నెలు నాయికానాయకులై, పెండ్లితో ముగియు ప్రబంధముల నడుమ ఒక రైతుకోడలు నాయికయగుట, కావ్యము ఆమె మరణముతో ముగియుట తెలుగున క్రొత్త సంగతి. ఆధునిక కవిత్వమునకు తొలి మెట్లలో నొకటిగా విమర్శకులు దానిని లెక్కించుచున్నారు. ఆ విద్యార్థియే తరువాత 1914లో కవిత్వతత్త్వ విచారము వ్రాసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడై, 1951లో కీర్తిశేషుడయ్యెను.

పల్లెపాటలోను, కావ్యములోను ముసలమ్మ జీవితము కొలదియే, మరణమే ఎక్కువ. కాని ఆ మరణమునకు అర్థము కల్పించినది ఆమె జీవితమే. నాటు వేసిన చేతులకు మడి విలువ తెలియును; విత్తనము దాచిన యామెకు మరుసటి యేడు అనునదేమో తెలియును. గండిలో దిగినది ఆ తెలివియే. బుక్కరాయసముద్రపు కట్టమీద నిలిచి నీటివంక చూచు విద్యార్థి, రాజు పేరుతోపాటు ఆమె పేరును తలచుకొనవలెను. తలచుకొని, కట్టలో చెమ్మ కనబడిననాడే తట్టెడు మట్టి వేయు ఊరికి ఏ యింటి కోడలిని అడుగవలసిన అవసరము రాదని గ్రహింపవలెను.